మా ఊరి ఫైర్ స్టేషన్‌ని పక్క ఊళ్ళతో కలిపేస్తారట, ఒప్పుకోవాలా వద్దా?

సరస్సుపక్కన
మేం ఉండేది సియాటిల్‌కి తూర్పున, లేక్ వాషింగ్టన్ దాటాక ఒక చిన్న సిటీలో. పేరు రాయను, ఊరి గొడవ ఊళ్ళోనే ఉండనీ. తొమ్మిదేళ్ళయింది వచ్చి. మాకు సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ ఉంది, చిన్నదే, ఒకే స్టేషన్. ఇప్పుడు కౌన్సిల్ వాళ్ళు దాన్ని ఎత్తేసి, పక్క ఊళ్ళన్నీ కలిసి నడిపే ఉమ్మడి ఫైర్ సర్వీస్‌లో చేరదాం అంటున్నారు. ఇంటికి కాగితం వచ్చింది, రెండుసార్లు చదివా, సగం అర్థం కాలేదు.

నా బాధేంటంటే, మా బాబు స్కూలుకొచ్చి పిల్లలందర్నీ ఫైరింజన్ ఎక్కించిన మనుషులు వాళ్ళు. మా వీధులన్నీ మ్యాప్ చూడకుండా తెలిసినవాళ్ళు. వాళ్ళని తీసుకెళ్ళి ఎక్కడో కలిపేస్తే రేపు మా ఇంటికి ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు? మా టాక్స్ డబ్బుతో పక్క ఊరికి సర్వీస్ చేయిస్తారేమో అని కూడా అనుమానంగా ఉంది. సమామిష్, ఇస్సక్వా, మెర్సర్ ఐలాండ్ వైపు ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి. వచ్చే మంగళవారం మీటింగ్. ఈలోగా నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడాలి.

పునుగులప్లేటు
మాది సమామిష్. మాకసలు సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎప్పుడూ లేదు. బండి మీద ఈస్ట్‌సైడ్ ఫైర్ అండ్ రెస్క్యూ అని ఉంటుంది, పిలిస్తే వస్తారు. పోయినేడు బూరెలు చేస్తుంటే నూనె అంటుకుంది, నేను మూత పెట్టేసరికి ఆరిపోయింది కానీ అప్పటికే పక్కింటాయన ఫోన్ చేసేశాడు. నలుగురొచ్చి ఇల్లంతా చూసి పొగ బయటికి తోలి వెళ్ళారు. ఏ ఊరి వాళ్ళు అని అడగాలని కూడా అనిపించలేదు నాకు.

కోనసీమకొబ్బరి
ఒప్పుకోవద్దు. ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ చేతికి రాదు. బండ్లు వాళ్ళ పేరు మీదికి పోతాయి, మనుషులు వాళ్ళ ఉద్యోగులవుతారు, స్టేషన్ బిల్డింగ్ ఒక్కటే మీకు మిగులుతుంది.

లెక్కలమాస్టారు
తొందరపడి అవుననీ కాదనీ చెప్పేముందు, "కలపడం" అన్న ఒక్క మాటలో మూడు వేరు వేరు పనులున్నాయి, అది ముందు తేల్చుకోండి.

ఒకటి కాంట్రాక్ట్. ఊరు తన డబ్బుతో పక్క సంస్థ దగ్గర సర్వీస్ కొనుక్కుంటుంది. మెర్సర్ ఐలాండ్ 2024 జనవరి నుంచి ఈస్ట్‌సైడ్ వాళ్ళతో చేసింది ఇదే. గడువుంటుంది, నచ్చకపోతే రెన్యువల్ అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రెండోది ఊళ్ళ మధ్య ఒప్పందం. 1999లో ఈస్ట్‌సైడ్ ఫైర్ అండ్ రెస్క్యూ పుట్టింది ఇలాగే, ఇస్సక్వా, నార్త్ బెండ్, ఇంకా రెండు ఫైర్ డిస్ట్రిక్టులు (ఫైర్ సర్వీస్ కోసమే ఉండే స్థానిక సంస్థలు) కలిసి. సమామిష్ ఊరుగా ఏర్పడిందే ఆ 1999లో, వెంటనే ఇందులో చేరింది. ఇక్కడ మీరు కొనుక్కునేవాళ్ళు కాదు, యజమానుల్లో ఒకరు. బోర్డులో మీ కౌన్సిల్ మనిషి కూర్చుంటాడు.

మూడోది రీజనల్ ఫైర్ అథారిటీ. వాషింగ్టన్ రాష్ట్రం 2004లో దీనికి చట్టం చేసింది. ఇది పూర్తిగా వేరే ప్రభుత్వం, దానికి సొంతంగా టాక్స్ వేసే అధికారం ఉంటుంది, జనం ఓటేస్తేనే ఏర్పడుతుంది. ఆబర్న్, ఆల్గోనా, పసిఫిక్ కలిసి 2007లో మొదలుపెట్టిన వ్యాలీ రీజనల్ అలాంటిదే. ఆల్గోనాలో జనం మూడు వేల పైచిలుకు, ఆ ఊరు ఒంటరిగా రోజంతా మనుషులుండే స్టేషన్ నడపాలంటే ఎంత కష్టమో ఊహించండి. తర్వాత 2010లో కెంట్, 2016లో రెంటన్ కూడా అథారిటీలు పెట్టుకున్నాయి.

మీకొచ్చిన కాగితంలో వీటిలో ఏది రాశారు?

సరస్సుపక్కన
ఇప్పుడు మళ్ళీ చూశాను మాస్టారూ. మొదట కాంట్రాక్ట్, "తర్వాత దీర్ఘకాలిక ఏర్పాటు పరిశీలిస్తాం" అని ఉంది. అంటే?

లెక్కలమాస్టారు
అంటే ముందు అద్దెకి, తర్వాత కొనుగోలు సంగతి చూద్దాం అన్నమాట. అందులో తప్పేం లేదు, చాలా ఊళ్ళు అలాగే వెళ్ళాయి. కాకపోతే రెండో మెట్టు ఎప్పుడు, దానికి ఓటింగ్ పెడతారా అని అడగండి.

వాలంటీర్‌వేణు
ఈ టాపిక్ మీద నేను రాయకుండా ఉండలేను. మా వైపు ఒక ఫైర్ డిస్ట్రిక్ట్‌లో నాలుగేళ్ళు వాలంటీర్‌గా చేశాను. సరస్సుపక్కన గారూ, మీరు అనుకుంటున్న "మా ఊరి స్టేషన్ మా ఇల్లు కాపాడుతుంది" అన్నది ఇప్పటికే నిజం కాదు, బాధపడకండి.

ఒక స్టేషన్, ఒక ఇంజన్, అందులో ముగ్గురు. ఇల్లు అంటుకుంది, ఇంజన్ నాలుగు నిమిషాల్లో వచ్చేసింది అనుకుందాం. నిబంధన ఏంటంటే ఇద్దరు లోపలికెళ్తే ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి, లోపలివాళ్ళకి ఏమన్నా అయితే వెళ్ళి తీసుకురావడానికి. ముగ్గురితో అది కుదరదు. లోపల మనిషి చిక్కుకున్నాడని తెలిస్తే వెళ్తారు, అది వేరే. లేదంటే బయటినుంచి నీళ్ళు కొడుతూ రెండో బండి కోసం చూడాలి. ఆ రెండో బండి మీ ఊరిది కాదు, మీకున్నది ఒక్కటే కదా!

మామూలు ఇల్లు ఒకటి ఆర్పాలంటే పదిహేను మంది దాకా కావాలి. పైపు పట్టేవాళ్ళు, వెతికేవాళ్ళు, కప్పు కోసి పొగ వదిలేవాళ్ళు, పంపు దగ్గర ఒకడు, అందర్నీ లెక్క చూసుకునే ఆఫీసర్ ఒకరు. అంటే మూడు నాలుగు స్టేషన్లు కదలాలి. మీ ఊళ్ళో ఇప్పటిదాకా ఆరిన ప్రతి పెద్ద మంటా పక్క ఊళ్ళు వచ్చి ఆర్పిందే. కాల్ తీసుకునేది కూడా మీ ఊరు కాదు, ఈస్ట్‌సైడ్‌లో, అంటే లేక్ వాషింగ్టన్‌కి తూర్పు ఊళ్ళలో, చాలా ఫైర్ డిపార్ట్‌మెంట్లకి 2009 నుంచి బెల్‌వ్యూలో ఉన్న నార్కామ్ సెంటరే బండ్లు పంపుతోంది.

కోనసీమకొబ్బరి
వేణూ, నువ్వు చెప్పింది నా మాటకే బలం. ఆల్రెడీ పక్క ఊళ్ళు వస్తున్నాయి, ఆల్రెడీ కాల్ సెంటర్ ఒక్కటే. మరి డిపార్ట్‌మెంట్ ఎందుకు వదులుకోవాలి? ఇప్పుడున్నట్టే సాయం చేసుకుంటూ ఎవరిది వాళ్ళు ఉంచుకోవచ్చుగా?

వాలంటీర్‌వేణు
మంచి ప్రశ్న అన్నా. ఆ సాయం రెండు వైపులా సమానంగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. మీ ఊరు ఏడాదికి రెండొందల సార్లు పక్కవాళ్ళని పిలిచి, మీరు నలభై సార్లే వెళ్తే, మూడో ఏడు వాళ్ళ కౌన్సిల్ కూడా మీలాగే అడుగుతుంది, "మా డబ్బుతో పక్క ఊరికి సర్వీస్ ఏంటి" అని. (అంకెలు ఉదాహరణకి చెప్పా, మీ ఊరివి కావు.)

లెక్కలమాస్టారు
ఇంకోటి, మనుషుల ఖర్చు. ఏడాదికి 8,760 గంటలు. బండిలో మూడు సీట్లు రాత్రీ పగలూ నింపాలంటే 26,280 గంటలు. సెలవులు, జబ్బులు, ట్రైనింగ్ పోను ఒక ఫైర్‌ఫైటర్ బండి మీద ఉండేది రెండు వేల గంటలు అనుకుందాం. ముగ్గురు కనపడాలంటే జీతాల పట్టీలో పదమూడు మందికి పైనే ఉండాలి. వాళ్ళ మీద ఒక చీఫ్, ఒక ట్రైనింగ్ ఆఫీసర్, బిల్డింగులు తనిఖీ చేసే ఫైర్ మార్షల్. ఇద్దరికి ఒకేసారి ఫ్లూ వస్తే ఓవర్‌టైమ్. పెద్ద సంస్థలో ఆ ఇద్దరి చోటు వేరే స్టేషన్ నుంచి నింపుతారు. ఇంజన్ ఒకటి ఇప్పుడు మిలియన్ డాలర్ల దరిదాపుల్లో ఉంది, ఆర్డరిచ్చాక ఏళ్ళు పడుతోంది. ఉన్నది రిపేర్‌కి వెళ్తే అదనపు బండి ఎవరి దగ్గర ఉంటుంది?

పొదుపు అని కౌన్సిల్ వాళ్ళు అంటే పెద్దగా నమ్మకండి, బిల్లు తగ్గిన ఊళ్ళు తక్కువ. అదే డబ్బుకి ఆసరా పెరుగుతుంది, అది నిజం.

ట్రైవ్యాలీబాబాయ్
కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ మనవాళ్ళు ఉండే ఊళ్ళన్నీ దాదాపు ఇలాగే నడుస్తున్నాయి. లివర్‌మోర్, ప్లెజంటన్ రెండూ కలిసి ఒకే ఫైర్ డిపార్ట్‌మెంట్. డబ్లిన్ కౌంటీ ఫైర్‌తో కాంట్రాక్ట్, నువార్క్, యూనియన్ సిటీ కూడా అంతే. లివర్‌మోర్ గుడికి వెళ్ళేటప్పుడు మీరు చూసే బండి మీద రెండు ఊళ్ళ పేర్లూ ఉంటాయి.

ఇక్కడ ఈ కలయిక ఎందుకు ఇంత సీరియస్‌గా తీసుకుంటారో చెప్తాను. 1991 అక్టోబర్ 20న ఓక్‌లాండ్ కొండల్లో మంటలు లేచాయి. 25 మంది చనిపోయారు, మూడు వేలకు పైగా ఇళ్ళు పోయాయి. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు పరుగెత్తుకొచ్చాయి. తీరా చూస్తే ఓక్‌లాండ్ హైడ్రంట్ల (ఫైరింజన్లు నీళ్ళు పట్టుకునే వీధి కుళాయిల) మూతి మూడంగుళాలు, వచ్చినవాళ్ళ పైపులు రెండున్నర అంగుళాలవి. మధ్యలో పెట్టే అడాప్టర్ లేకపోతే నీళ్ళు తీసుకోలేరు. రేడియోలు ఒకళ్ళవి ఒకళ్ళకి కలవలేదు, కలిసిన చోట అందరూ ఒకే ఛానెల్‌లో అరుచుకున్నారు. సాయం వచ్చింది గానీ అతకలేదు.

మా ఇంటి వెనక కూడా ఎండు గడ్డి కొండే. ప్రతి సెప్టెంబర్‌లో గాలి తిరిగినప్పుడల్లా నాకు ఆ అరంగుళం తేడా గుర్తొస్తుంది.

లెక్కలమాస్టారు
బాబాయ్ చెప్పింది 1904లో బాల్టిమోర్‌లో కూడా జరిగింది. వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి రైళ్ళ మీద ఇంజన్లు వచ్చాయి, వాళ్ళ పైపుల మరలు బాల్టిమోర్ హైడ్రంట్లకి పట్టలేదు. 1,500 పైగా భవనాలు కాలిపోయాయి. దాని తర్వాతే దేశమంతా ఒకే మర ఉండాలని ప్రమాణం పెట్టారు. ఎనభై ఏడేళ్ళ తర్వాత కూడా ఓక్‌లాండ్‌లో అదే కథ!

పునుగులప్లేటు
అంటే మన గ్యాస్ స్టవ్‌కి పక్కింటి రెగ్యులేటర్ పట్టనట్టు 😀

ట్రైవ్యాలీబాబాయ్
అచ్చం అదేనమ్మా. పండగ రోజు పప్పు సగం ఉడికాక తెలుస్తుంది.

జెర్సీనాని
న్యూజెర్సీలో హడ్సన్ నది దగ్గర ఐదు ఊళ్ళున్నాయి, యూనియన్ సిటీ, వెస్ట్ న్యూయార్క్, వీహాకెన్, గటెన్‌బర్గ్, నార్త్ బెర్గెన్. వీధికి ఈ పక్క ఒక ఊరు, ఆ పక్క ఇంకో ఊరు. ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఒకటి అంటుకుంటే వరసంతా పోతుంది. 1999లో ఐదూ కలిసి నార్త్ హడ్సన్ రీజనల్ అని ఒకే ఫైర్ డిపార్ట్‌మెంట్ చేశాయి. ఇప్పటికీ నడుస్తోంది. నేను అక్కడ ఆరేళ్ళు అద్దెకున్నా, నేనున్నది ఏ ఊరో పోస్ట్ అడ్రస్ చూస్తే తప్ప తెలిసేది కాదు.

ఈస్ట్‌సైడ్అక్క
నా అనుభవం ఒకటి చెప్తాను. రెండేళ్ళ క్రితం మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి గుండెల్లో నొప్పి అన్నారు. మా ఇల్లు రెండు సిటీల హద్దు మీద ఉంటుంది, వెనక ఫెన్స్ దాటితే పక్క సిటీ. 911 చేశాను. ముందొచ్చిన ఇంజన్ పక్క సిటీది. మా ఊరి స్టేషన్ ఇంకా దూరం, ఆ టైములో వాళ్ళు వేరే కాల్‌లో ఉన్నారట. మంట లేదు కదా ఫైరింజన్ ఎందుకొచ్చింది అని మా అత్తగారు ఆ నొప్పిలో కూడా అడిగారు. వాళ్ళలో ఒకబ్బాయి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని ఆక్సిజన్ పెట్టాడు, ఆవిడకి ఇంగ్లీష్ రాదు, అతనికి తెలుగు రాదు, అయినా "అమ్మా" అని నేను పిలవడం విని అతను కూడా అమ్మా అమ్మా అన్నాడు. తర్వాత పారామెడిక్స్ వచ్చారు. ఆవిడ బాగానే ఉన్నారు ఇప్పుడు, ఆ అబ్బాయిని ఇంకా అడుగుతుంటారు.

హద్దు చూసుకుని మా ఊరి బండి కోసం ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

సరస్సుపక్కన
అక్కా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఒక డౌట్, ఈ పారామెడిక్స్ కూడా మారిపోతారా కలిపేస్తే?

వాలంటీర్‌వేణు
లేదు. మన కింగ్ కౌంటీలో మెడిక్ వన్ అనే పారామెడిక్ సర్వీస్ వేరే ఏర్పాటు. కౌంటీ అంతా వేసే ఒక లెవీతో (ప్రాపర్టీ టాక్స్‌తో) నడుస్తుంది, ఈస్ట్‌సైడ్‌లో చాలా చోట్ల పారామెడిక్ యూనిట్లు బెల్‌వ్యూ ఫైర్ నుంచి వస్తాయి. అంటే గుండె నొప్పి విషయంలో ఈ ఊళ్ళన్నీ ఎప్పుడో కలిసిపోయాయి. అక్క చెప్పినట్టు ముందొచ్చేది ఇంజన్, ఫైర్‌ఫైటర్లందరికీ ప్రాథమిక వైద్యం ట్రైనింగ్ ఉంటుంది. అసలు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం వైద్యానివే, మంటలవి కావు.

కోనసీమకొబ్బరి
సరే, బండి ఎవరిదైనా పర్లేదు, ఒప్పుకుంటున్నాను. నా గొడవ డబ్బు గురించి, మాట చెల్లడం గురించి. బోర్డులో ఆరేడుగురిలో మీరొకరు. వాళ్ళు జీతాలు పెంచితే మీ వాటా పెరుగుతుంది, మీ కౌన్సిల్‌ని తిట్టడానికి కూడా ఉండదు, "మా చేతిలో లేదండీ" అంటారు. దక్షిణ కాలిఫోర్నియాలో ప్లసెంషియా అనే చిన్న సిటీ ఇది భరించలేకే ఆరెంజ్ కౌంటీ ఫైర్ అథారిటీ నుంచి బయటికొచ్చి 2020 జులైలో సొంత డిపార్ట్‌మెంట్ పెట్టుకుంది. అంత చిన్న ఊరు చేసి చూపించింది కదా.

ట్రైవ్యాలీబాబాయ్
చేసింది. కానీ పారామెడిక్ పని ప్రైవేట్ అంబులెన్స్ కంపెనీకి ఇచ్చి చేసింది, అది కూడా చెప్పాలి నువ్వు. ఆ అథారిటీలోనే ఉన్న అర్వైన్ గొడవ ఇంకోరకం. అక్కడ ఇళ్ళ విలువలు ఎక్కువ, ఫైర్ సర్వీస్‌కి వెళ్ళే టాక్స్ కూడా ఎక్కువ, మేం కట్టేదానికి తగ్గ సర్వీస్ మాకు రావట్లేదని ఏళ్ళ తరబడి పేచీ.

పునుగులప్లేటు
మా సమామిష్‌లో కూడా అయింది ఇది! 2013 ప్రాంతంలో. ఊళ్ళ వాటా ఇళ్ళ విలువ మీద వేసేవాళ్ళు, మా దగ్గర ఇళ్ళు ఖరీదు, కాల్స్ తక్కువ. విడిపోయి సొంతంగా పెట్టుకుందామా అని కౌన్సిల్‌లో పెద్ద చర్చ. చివరికి ఉండిపోయారు.

సీమబోరు
ఈ పంపకం గొడవ మాకు కొత్త కాదు. మా నాన్నకీ ఇద్దరు చిన్నాన్నలకీ కలిపి ఒకటే బోరు ఉండేది, అనంతపురం జిల్లాలో. తవ్వేటప్పుడు ముగ్గురూ సమానంగా వేసుకున్నారు. మోటారు కాలినప్పుడు మొదలైంది. పెద్ద చిన్నాన్నకి ఆరెకరాలు, మాకు మూడు, ఆఖరాయనకి రెండు. పొలం లెక్కన వేసుకుందామంటాడు ఆఖరాయన. పొలం ఎక్కువైతే ఏమయ్యె, నేను వేసేది శనక్కాయ, వాడు వేసేది వరి, నీళ్ళు వాడుకున్నదాన్ని బట్టి వేద్దామంటాడు పెద్దాయన. ఇద్దరి మాటా న్యాయమే. మా నాన్న ఏం చేశాడంటే, సగం పొలం లెక్క, సగం వాడిన గంటల లెక్క అని పుస్తకంలో రాసి ముగ్గురి చేతా సంతకం పెట్టించినాడు. పదకొండేళ్ళు ఆ బోరు మీద పెద్ద తగాదా రాలేదు.

మోటారు కాలకముందే రాసుకోండి. కాలినాక రాసుకుంటే కుదరదు.

లెక్కలమాస్టారు
సీమబోరు గారూ, ఊళ్ళు కన్సల్టెంట్లకి డబ్బిచ్చి రాయించుకునే రిపోర్టుల్లో ఉండేది ఇదే, మీ నాన్నగారు నోట్‌బుక్‌లో రాశారు. పంచుకునే దారులు ఇవే: ఆస్తి విలువ, జనాభా, కాల్స్ సంఖ్య, లేదా వీటి కలగలుపు. కాల్స్ మీద మాత్రమే వేస్తే ముసలివాళ్ళు ఎక్కువున్న ఊరు, హైవే పోయే ఊరు మునిగిపోతాయి. హైవే మీద గుద్దుకున్న కార్లు ఆ ఊరివి కాకపోయినా కాల్ ఆ ఊరి ఖాతాలో పడుతుంది. విలువ మీద మాత్రమే వేస్తే సమామిష్ గొడవ. ఎలా వేసినా పక్కింట్లో మంట ఆరితే లాభం మీకు కూడా, అది ఏ పట్టికలోనూ కనపడదు.

ఈస్ట్‌సైడ్అక్క
మా కొలీగ్ ఉండే చోట "ఫైర్ బెనిఫిట్ ఛార్జ్" అని టాక్స్ కాగితంలో వస్తుందట. అదేంటి?

లెక్కలమాస్టారు
అది ఇంటి విలువ మీద కాకుండా ఇంటి సైజు, రకం చూసి వేసేది. పెద్ద బిల్డింగ్ ఆర్పడానికి ఎక్కువ నీళ్ళు, ఎక్కువ మనుషులు కావాలి కాబట్టి ఎక్కువ. మొదటిసారి పెట్టాలంటే 60 శాతం ఓట్లు రావాలి. అథారిటీ మామూలుగా వెయ్యి డాలర్ల విలువకి డాలరున్నర దాకా లెవీ వేయొచ్చు, ఈ ఛార్జ్ పెడితే లెవీ డాలర్ దగ్గర ఆగాలి.

ఎందుకు ఇన్ని తిప్పలంటే, ఈ రాష్ట్రంలో ప్రాపర్టీ టాక్స్ వసూలు మొత్తం జనం ఓటేసి ఒప్పుకుంటే తప్ప ఏడాదికి 1 శాతానికి మించి పెరగకూడదు, కొత్త కట్టడాలు మినహాయిస్తే. 2001లో ఓటర్లు పెట్టిన పరిమితి అది, కోర్టు కొట్టేస్తే 2007లో శాసనసభ మళ్ళీ పెట్టింది. జీతాలు, ఇన్సూరెన్స్, బండ్లు 1 శాతం దగ్గర ఆగవు కదా. చిన్న ఊళ్ళు ఉమ్మడి సర్వీస్ వైపు చూడ్డానికి సగం కారణం ఇదే, కౌన్సిల్ వాళ్ళ చేతగానితనం కాదు.

సరస్సుపక్కన గారు అడగాల్సింది ఒకటుంది. అథారిటీ దాకా వెళ్తే దాని టాక్స్ కొత్తగా వస్తుంది. అప్పటిదాకా ఫైర్‌కి ఖర్చు పెట్టిన డబ్బు సిటీ దగ్గర మిగులుతుంది. ఆ మేరకి సిటీ తన లెవీ తగ్గిస్తుందా, లేక వేరే పనులకి వాడుకుంటుందా? ఎంత తగ్గిస్తారో రాతపూర్వకంగా అడగండి.

కోనసీమకొబ్బరి
హమ్మయ్య, నేను మొదటినుంచి అంటున్నది ఇదే.

లెక్కలమాస్టారు
అవును, ఈ విషయంలో మీ అనుమానం సరైనదే.

రిటైర్డ్‌డ్రైవర్
బాబూ, నేను ఆంధ్రాలో అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యాను. బోథెల్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చాను, అల్లుడు ఈ చర్చ చూపించాడు, నాలుగు మాటలు రాయాలనిపించింది.

మన దగ్గర ఊరికో డిపార్ట్‌మెంట్ లేదు. రాష్ట్రమంతా ఒకటే శాఖ. మున్సిపాలిటీ హద్దులు మేమెప్పుడూ చూడలేదు, 101కి ఫోన్ వస్తే దగ్గర ఉన్న స్టేషన్ బండి కదలాలి, అంతే. కాబట్టి మీరు ఇక్కడ ఇంత కష్టపడి తెచ్చుకుంటున్న ఉమ్మడి సర్వీసు మాకు పుట్టుకతోనే ఉంది. అయినా మా కష్టం మాకుండేది. మా స్టేషన్‌కి ఒకటే బండి, దాని కింద నాలుగైదు మండలాలు. ఎండాకాలం మధ్యాహ్నం గాలి తోలుతుంటే ఒక ఊళ్ళో గడ్డివాము అంటుకుందని వెళ్తాం, అక్కడ చెరువులోంచి నీళ్ళు ఎక్కిస్తుండగానే ఇంకో పక్క ఊళ్ళో పూరిళ్ళు అంటుకున్నాయని వైర్‌లెస్‌లో వస్తుంది. పక్క స్టేషన్ బండి వస్తుంది, రాదని కాదు, పాతిక కిలోమీటర్లు రావాలి. అది వచ్చేసరికి వరసలో ఎన్ని ఇళ్ళు ఉంటాయి, ఎన్ని పోతాయి. ఒకసారి నేను వెళ్ళేసరికి ఒక తల్లి బూడిదలో పిల్ల పెళ్ళికి దాచిన ట్రంకు పెట్టె వెతుకుతోంది. ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ ఆ మనిషి ముఖం కళ్ళ ముందే ఉంది.

అందుకని నేను చెప్పేది, కలిపితే మంచిదా విడిగా ఉంటే మంచిదా అని కాదు అడగాల్సింది. కలిపాక మీ స్టేషన్‌లో బండి ఉంటుందా, మనుషులు ముగ్గురే ఉంటారా నలుగురవుతారా, రాత్రిపూట కూడా ఉంటారా, మీ బండి బయటికి వెళ్ళినప్పుడు ఆ ఖాళీలోకి ఇంకో బండి తెచ్చి నిలబెడతారా. ఈ నాలుగూ కాగితం మీద రాయించుకోండి.

ఈస్ట్‌సైడ్అక్క
బాబాయ్ గారూ, మీకు నమస్కారం. ఆ ట్రంకు పెట్టె మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

లెక్కలమాస్టారు
పెద్దాయన చెప్పినదానికి చిన్న చేర్పు. 1992 రాజ్యాంగ సవరణలో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో ఫైర్ సర్వీస్ మున్సిపాలిటీల పనుల జాబితాలోనే ఉంది. ముంబైలో ఇప్పటికీ కార్పొరేషనే నడుపుతుంది. ఆంధ్రా, తెలంగాణల్లో మాత్రం రాష్ట్ర శాఖే చూస్తోంది. అటు చివర, ఇటు చివర రెండూ చూశాం కాబట్టి మనవాళ్ళకి ఈ చర్చ బాగా అర్థమవ్వాలి.

వాలంటీర్‌వేణు
బండి బయటికెళ్తే ఖాళీలోకి ఇంకో బండి తెచ్చి నిలబెట్టడం, దీన్నే ఇక్కడ మూవప్ అంటారు. ఒకే స్టేషన్ ఉన్న ఊరు ఇది సొంతంగా చేసుకోలేదు. ఉమ్మడి సర్వీస్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది.

ఇంకోటి, ఇప్పుడున్న ఫైర్‌ఫైటర్ల సంగతి కూడా అడగండి. వాళ్ళందర్నీ తీసుకుంటారా, సీనియారిటీ ఎలా కలుపుతారు? పెన్షన్ రాష్ట్ర స్థాయిలో ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ పదిహేనేళ్ళు చేసిన మనిషిని కొత్త లిస్టులో అడుగున పెడితే మంచివాళ్ళు వెళ్ళిపోతారు. మీ వీధులు తెలిసినవాళ్ళు ఉండాలంటే ఇది ముఖ్యం.

సరస్సుపక్కన
నిన్న రాత్రి మీటింగ్‌కి వెళ్ళొచ్చాను. మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు, చేతులు వణికాయి కానీ చదివేశాను. పెద్దాయన నాలుగు ప్రశ్నలు, సీమబోరు గారి లెక్క ప్రశ్న, మాస్టారు చెప్పిన టాక్స్ ప్రశ్న, వేణు గారి సీనియారిటీ ప్రశ్న.

స్టేషన్ ఉంటుంది, బండి ఉంటుంది, రాత్రిపూట కూడా ముగ్గురు ఉంటారు అని గట్టిగా చెప్పారు. నలుగురు కావాలంటే డబ్బు ఎంతవుతుందో లెక్క వేసి చూపిస్తామన్నారు. మూవప్ ఒప్పందంలో ఉందట, పేజీ నంబర్ కూడా చెప్పారు. ఫైర్‌ఫైటర్లందర్నీ తీసుకుంటారు, సీనియారిటీ చేరిన తేదీ నుంచే. ఇది చెప్పినప్పుడు వెనక వరసలో కూర్చున్న మా స్టేషన్ వాళ్ళలో ఒకాయన తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. మా బాబుని బండి ఎక్కించింది ఆయనే.

వాటా లెక్క మాత్రం తేల్చలేదు. మొదటి ఐదేళ్ళు కాంట్రాక్ట్‌లో ఒక ధర, ఆ తర్వాత "మాట్లాడుకుంటాం" అని ఉంది. నేను మళ్ళీ అడిగాను, మోటారు కాలకముందే రాసుకోవాలి అని అనువాదం చేసి చెప్పాను. వాళ్ళకి అర్థమైనట్టే ఉంది, ఒక కౌన్సిల్ మెంబర్ రాసుకుంది. సిటీ లెవీ తగ్గింపు మీద కూడా జవాబు లేదు. రెండూ వచ్చే నెల వర్క్‌షాప్‌లో పెడతారట.

నేను వచ్చినప్పుడు వద్దనే అనుకున్నాను. ఇప్పుడు ఆ రెండూ తేలితే అవునంటాను.

కోనసీమకొబ్బరి
ఆ రెండూ తేలకపోతే?

సరస్సుపక్కన
తేలకపోతే వద్దంటాను, కొబ్బరి గారూ. అప్పుడు మీరే ముందు వరసలో కూర్చోవాలి.

కోనసీమకొబ్బరి
వర్క్‌షాప్ తేదీ పెట్టు, వస్తాను. నేనుండేది కెన్‌మోర్, అరగంట డ్రైవ్. మా ఊరికి కూడా సొంత ఫైర్ డిపార్ట్‌మెంట్ లేదు, ఫైర్ డిస్ట్రిక్టే, ఆ సంగతి ఇందాక చెప్పలేదు.

పునుగులప్లేటు
పునుగులు నేను తెస్తా. ఈసారి మూత పక్కనే పెట్టుకుని వేయిస్తా.

రిటైర్డ్‌డ్రైవర్
నేను కూడా వస్తాను బాబూ, కారులో ఒక చోటు ఉంచండి. ఇక్కడి బండి పంపు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూడాలని ఉంది.

వాలంటీర్‌వేణు
బాబాయ్ గారూ, నేను బోథెల్ మీదుగానే వెళ్తాను, మిమ్మల్ని ఎక్కించుకుంటా. గంట ముందు బయల్దేరదాం, స్టేషన్ దగ్గర ఆగి అడిగితే చూపిస్తారు.